చూపు పడని మూల

ఇంటర్నెట్‌లో వీడియో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎట్టా పోతుందో ఆనుపానులతో సహా తెలిసినవాళ్లు మార్కాపురంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు మెర్సీ కుమారి. రెండోవాణ్ణి నేను. ఆ పిల్ల ఇంజనీరింగు చదివి, దానిమీద ఇంకేదో పెద్ద చదువు చదివింది. నేను ఐదో తరగతి మూడేళ్లు చదివాను. ఏళ్ల లెక్కన చూస్తే మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు. కాబట్టి చెంచయ్య సంగతి నా నోట వినడంలో మీకొచ్చే నష్టమేమీ లేదు.

చెంచయ్యకు అరవై తొమ్మిదేళ్లు. పలకల కార్ఖానాలో నలభై ఏళ్లు రాయిని పొరలు పొరలుగా చీల్చి, చివరికి దగ్గు ఒక్కటి మిగుల్చుకుని ఇంటికొచ్చాడు. ఇల్లంటే రైల్వేస్టేషన్ వెనక ఒంటి గది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక లేకపోయింది" అనేవాడు. అదే మనిషి ఏడాదికి అరవై పెళ్లిళ్లకు పోయేవాడు.

భోజనానికి పోయేవాడు కాదు. తినేది గుప్పెడు. వీడియో కోసం పోయేవాడు. కెమెరా ఎటు తిరిగితే అటు నాలుగడుగులు జరిగి, కెమెరా వైపు చూడకుండా, ఏదో పనిమీద అటుగా వచ్చినట్టు నిలబడటంలో ఆయనకు చేయి తిరిగింది. పెళ్లయిన వారానికి ఎవరినో ఒకరిని బతిమాలి లింకు సంపాదించేవాడు. గదిలో ఒక్కడే కూర్చుని, వినాయకుడి బొమ్మ దగ్గర్నుంచి అప్పగింతల దాకా చూసి, తను కనపడ్డ నిమిషమూ సెకనూ పలక మీద రాసుకునేవాడు.

చుట్టుపక్కలవాళ్లు దాన్ని పిచ్చి అనుకున్నారు. పిచ్చి కాదు, ఉత్తరం.

ఆయనకొక అక్క ఉంది, గురవమ్మ. బళ్లారిలో ఉంటుంది. పదకొండేళ్ల కింద ఆమె కొడుకు పెళ్లిలో "దగ్గరి బంధువులంతా ఫోటోకి రండి" అని కేకేసినప్పుడు చెంచయ్య వంటల దగ్గర సాంబారు మరుగు చూస్తున్నాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి ఫోటో అయిపోయింది.

"మేనమామ లేకుండా ఫోటో ఏందే?" అన్నాడు.

"కెమెరా అతను తొందరపెట్టాడురా. ఇంకోటి తీయిద్దాం, నిలబడు" అంది అక్క.

"ఇంకోటి నా దినం రోజు తీయించుకో" అనేసి, చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాడు. ఆమె వెనక్కి పిలవలేదు. ఈయన వెనక్కి తిరగలేదు. అంతే. పదకొండేళ్లు.

తుంటి ఎముక విరిగినప్పటి నుంచి గురవమ్మ మంచం దిగడం లేదని, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని చుట్టాల పెళ్లిళ్లన్నీ లింకుల్లోనే చూస్తుందని చెంచయ్యకు కబురు అందింది. అప్పటి నుంచి బళ్లారి దాకా లింకు పోయే అవకాశమున్న ఏ పెళ్లీ ఆయన వదల్లేదు. వీడియోలో కనపడితే, "అక్కా, బతికే ఉన్నా" అని చెప్పినట్టు. ముందు మాట కలిపింది తను కానట్టు. పంతమూ చెడనట్టు.

ఆ ఉత్తరం ఒకరోజు మధ్యాహ్నం గల్లంతయింది.

కొనకనమిట్ల పెళ్లిలో చెంచయ్య ఎడమవైపు నాలుగో కుర్చీలో గంటన్నర కూర్చున్నాడు. వీడియోలో నాలుగో కుర్చీ ఉంది. తెల్ల గుడ్డ తొడుగు ఉంది. వెనక ఎర్ర రిబ్బను ముడి ఉంది. చెంచయ్య లేడు. వెనక్కి జరిపి చూశాడు, ముందుకు జరిపి చూశాడు. పక్కన కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి బుర్ర తినేసిన ముసలామె కూడా లేదు. ఆమె ఒళ్లో పెట్టుకున్న పచ్చ సంచీ లేదు. రెండు ఖాళీ కుర్చీలు, వెనక వేలాడే పూలదండలు.

పలక చంకన పెట్టుకుని తిన్నగా సుభానీ దుకాణానికి పోయాడు. సుభానీ ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు, లైవ్ లింకు పెట్టేవాడు.

"ఏందిరా సుభానీ, నన్ను యాడ దాచావు?"

"నేనెందుకు దాస్తా బాబాయ్? కూర్చో, టీ చెప్తా."

"నేను కూర్చుంటే కుర్చీ మాత్రమే కనపడుతుందంట గదా ఈ మధ్య."

సుభానీకి నవ్వొచ్చింది. వీడియో చూశాక నవ్వు పోయింది. "ఇదంతా పైనున్న బాక్సు పని బాబాయ్" అన్నాడు, మేడ మీదికి చేయి చూపించి. "పోయిన మాఘంలో దోర్నాల పెళ్లి గుర్తుందా? జీలకర్ర బెల్లం పెట్టే టైముకు సిగ్నలు చచ్చిపోయింది. లింకులో చూసే మూడొందల మందికీ తెర మీద గుండ్రంగా చక్రం తిరుగుతా ఉంది. పెళ్లికూతురి మేనత్త ఆ చక్రం మీదనే అక్షింతలేసింది. మర్నాడు దుకాణం మీదికొచ్చి నన్ను ఎంత కడిగిందో నీకేం తెలుసు. ఈ బాక్సు పెట్టాక అడవి లోపలి గూడేనికి కూడా అద్దంలా పోతోంది."

"అద్దంలో నేను లేనే. కెమెరాలో అసలు కార్డు ఉంటుంది గదా, అది తియ్యి."

సుభానీ తల గోక్కున్నాడు. "ముహూర్తాల సీజన్ బాబాయ్. పొద్దున ఒకటి, పదకొండుకు ఒకటి, సాయంత్రం ఇంకోటి. బాక్సులో అంతా ఉంటుంది గదా అని కార్డులు అప్పటికప్పుడే చెరిపేసి మళ్లీ వాడుతున్నా."

అదీ జరిగింది. సుభానీ ఒక్కడే కాదు, పొదిలి నుంచి గిద్దలూరు దాకా పెళ్లి వీడియోలు తీసేవాళ్లంతా అట్టాగే చేస్తున్నారు. బాక్సు ఏది దాస్తే అదే పెళ్లి.

చెంచయ్య మేడెక్కాడు. పైన కేబుల్ ఆఫీసు పక్క గదిలో ఆ బాక్సు తయారుచేసిన హైదరాబాదు కంపెనీ చిన్న ప్రయోగశాల పెట్టింది. దండానికి బట్టలు ఆరేసినట్టు తీగకు పాతిక ఫోన్లు వేలాడుతున్నాయి. వాటి కింద మెర్సీ కుమారి టిఫిన్ డబ్బాలోని పులిహోర తింటూ ఏదో తెర చూస్తోంది. దొనకొండ పిల్ల. ఇరవై తొమ్మిదేళ్లు. రోజంతా ఫోన్లతో తప్ప మనిషితో మాట్లాడే పని లేక, ముసలాయన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది.

"నా బొమ్మ పోయింది తల్లీ" అన్నాడు చెంచయ్య, రైల్లో సంచి పోగొట్టుకున్నవాడిలా.

ఆమె ఆయన్ను ఒక తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద తిరునాళ్ల. అంతా మంచు పట్టినట్టు మసక. చెంచయ్య బజ్జీల బండి అనిపించిన వైపు చూశాడు. బండి తేటపడింది. మూకుడులో నూనె బుడగలు కూడా కనపడ్డాయి. రంగులరాట్నం వైపు చూశాడు. అది తేటపడింది, బజ్జీలు మసకయ్యాయి. ఇదేదో బాగుందే అనుకుని కాసేపు బజ్జీలనూ రాట్నాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ముందు మొత్తం మసకగా పంపిస్తాం తాతా. చూసేవాళ్ల ఫోను వాళ్ల కంటిపాపను కనిపెట్టుకుని ఉంటుంది. చూపు ఆగిన చోటే తేటగా పోతుంది. అందుకే సన్నటి సిగ్నల్లో కూడా ఆగకుండా పోతోంది."

"చూపు ఆగని చోటు?"

"పోదు. దాచేటప్పుడు అక్కడ ఏముండాలో బాక్సే గీసుకుంటుంది. కుర్చీలు, పరదాలు, పూలు. వేల పెళ్లిళ్లు చూసింది గదా, దానికి తెలుసు."

ఇంకా చాలా చెప్పింది. మొదట్లో ఇదంతా నాకు తెలుసని కోతలు కోశాను చూడండి, తెలీదు. ఆ పిల్ల నన్నూ ఇట్టాగే కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపాను. మూడోసారి అడిగితే బాగుండదని లేచి వచ్చాను. బజ్జీల దాకా మాత్రం గట్టిగా అర్థమైంది. మీకూ అంతవరకు చాలు.

తర్వాత మెర్సీ కొనకనమిట్ల పెళ్లి తీసింది. ఈసారి బొమ్మ మీద రెండొందల పన్నెండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి చూపు. బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు చుక్కలన్నీ పెళ్లికూతురి మెడకు పట్టుకున్నాయి. అక్కణ్ణుంచి వడ్డాణానికి, వడ్డాణం నుంచి చెవులకు కదులుతున్నాయి.

"ఇందులో బళ్లారి చుక్క ఉందా తల్లీ?"

ఆమె ఏవో మీటలు నొక్కింది. ఒక్క చుక్క తప్ప మిగతావన్నీ ఆరిపోయాయి. ఆకుపచ్చ చుక్క. చెంచయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అక్క ఎటు చూస్తుందో పదకొండేళ్ల తర్వాత మొదటిసారి చూస్తున్నాడు. గురవమ్మ పెళ్లికూతురి జడ చూసింది. పీట చూసింది. పురోహితుడు నెయ్యి ఒలకబోసుకుంటే ఆ నెయ్యి చూసింది. ఒకసారి ఎడమవైపు తిరిగింది.

"వస్తోంది, వస్తోంది" అన్నాడు చెంచయ్య, పిల్లి నడుస్తుంటే అన్నట్టు చిన్నగా.

చుక్క రెండో కుర్చీ దాటింది, మూడోది దాటింది. నాలుగో కుర్చీ మీదుగా పోయి, వెనకనున్న కూలర్ మీద ఆగింది. కూలర్ తేటపడింది.

"ఎంతసేపు ఆగితే చాలమ్మా, మనిషి నిలవడానికి?"

మెర్సీ టిఫిన్ డబ్బా మూత పెట్టింది. తర్వాత "మూడు సెకన్లు తాతా" అంది.

చెంచయ్య పలక తిప్పి చూసుకున్నాడు. దాని నిండా నిమిషాలు, సెకన్లు. ఇన్నాళ్లూ వీడియోలో తనున్నాడని రాసుకున్నాడు. అక్క చూసిందని ఎక్కడా రాసుకోలేదు. ఆ తేడా ఆయనకు ఇంతవరకు తట్టనే లేదు.

ఆ మొహం చూడలేక మెర్సీ నోరు జారింది. "ఎవరి చూపైనా బాక్సుకు ఒకటే తాతా. నీ చూపైనా సరే."

అక్కడ మొదలైంది తంటా.

తర్లుపాడు పెళ్లిలో చెంచయ్య కుర్చీలో కూర్చుని, ఫోను తీసి, ఆ పెళ్లి లింకే పెట్టుకుని, మసకలో తన కుర్చీ వెతికి, తనను తానే చూసుకుంటూ గంట గడిపాడు. వారానికి వీడియో వచ్చింది. ఉన్నాడు! తల వంచుకుని ఫోను చూసుకుంటున్న ముసలాయన. మొహం లేదు. నడినెత్తి మాత్రం మెరుస్తూ ఉంది. తల పైకెత్తితే చూపు ఫోను మీద ఉండదు, చూపు లేకపోతే తను ఉండడు. ఫోను ఎత్తి పట్టుకుంటే మొహానికి ఫోనే అడ్డం. ఎన్నిరకాలుగా ప్రయత్నించినా నెత్తి తప్ప దక్కలేదు.

పోనీ, అక్కకు నా నెత్తి తెలీదా, చిన్నప్పుడు నూనె రాసింది ఆమే గదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఈ కిటుకు ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటల దగ్గర ఒక్కరికి మాత్రం చెప్పాడు. శ్రావణమాసం వచ్చేసరికి నాలుగు మండలాలకు తెలిసిపోయింది. వీడియోలో మా మొహాలు లేవని అలిగినవాళ్లంతా ఫోన్లు పట్టుకున్నారు. పెళ్లిపందిట్లోకి పోతే ఎటు చూసినా వంచిన తలలే. భోజనాల దగ్గర ఎడమచేత్తో ఫోను, కుడిచేత్తో ముద్ద. పప్పు వద్దంటే వినేవాళ్లు లేరు, కావాలంటే చూసేవాళ్లు లేరు.

పొదిలి పెళ్లిలో అది ముదిరిపోయింది. నాలుగొందల మంది పందిట్లో కూర్చుని నాలుగొందల మందీ తమను తాము చూసుకున్నారు. లింకులో చూసేవాళ్లు కూడా, పెళ్లికి రాలేకపోయినా ఇంట్లో పట్టుచీర కట్టుకున్న తమ వీడియో పక్కనే పెట్టించుకుని దాన్నే చూశారు. వీడియో వచ్చింది. నాలుగొందల నడినెత్తులు అద్దంలా ఉన్నాయి. పీటల మీద పెళ్లికొడుకు ఉన్నాడు, పాపం, వాళ్లమ్మ చూసింది గనక. పక్క పీట మీద ఒక పూలకుండీ ఉంది. పెళ్లికొడుకు వంగి, మూడు ముళ్లూ ఎంతో జాగ్రత్తగా పూలకుండీకి వేశాడు.

పెళ్లికూతురి నాన్న ముగ్గురు బావమరుదులను వెంటేసుకుని సుభానీ దుకాణానికి వచ్చాడు. సుభానీ మెట్లెక్కి ప్రయోగశాలలో దాక్కున్నాడు. మెర్సీ అప్పటికప్పుడే హైదరాబాదుకు ఫోను చేసి స్పీకర్లో పెట్టింది.

"బాక్సు తప్పేమీ లేదండీ" అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. "అమ్మాయిని ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనిదాన్ని మోసుకుపోవడం దండగ కదండీ."

ఫోను పెట్టేశాక మెర్సీ సుభానీతో ఒక మాట చెప్పింది. అక్కడే స్టూలు మీద కూర్చున్న చెంచయ్య కూడా విన్నాడు. మొన్న ఈస్టర్‌కు దొనకొండ చర్చిలో ప్రార్థన లింకు ఇదే బాక్సుతో పోయింది. మెర్సీ ఈ గదిలోనే కూర్చుని మొత్తం చూసింది. వాళ్ల నాన్న నలభై ఏళ్లుగా ఆ చర్చిలో చాపలు పరిచి, దీపాలు తుడిచి, వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. దాచిన వీడియోలో తలుపు ఉంది.

"నేనే చూశాను సుభానీ భాయ్, మొదటినుంచీ చివరిదాకా. బొమ్మ ఆగకుండా వస్తోందా లేదా అని చూశాను. ఆ వైపు చూళ్లేదు." ఆమె లేచింది. తీగకు వేలాడుతున్న ఫోన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయింది.

ఆశ్వయుజంలో చెంచయ్య చిన్నాయన మునిమనవరాలు నాగశిరీష పెళ్లి కుదిరింది. మార్కాపురంలోనే, పొద్దున పది నలభైకి ముహూర్తం. శిరీష నాన్న రంగయ్య శుభలేఖ ఇవ్వడానికి చెంచయ్య గదికొచ్చాడు.

"మీ అక్క లింకు పంపించమని రెండుసార్లు ఫోను చేసింది పెదనాన్నా."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

రంగయ్య అబద్ధం చెప్పలేని మనిషి. "అడగలా" అన్నాడు. శుభలేఖ చేతిలో పెట్టి "నేనూ చెప్పలా" అన్నాడు, అది ఓదార్పు అనుకుని.

పెళ్లిరోజు చెంచయ్య తలకు పోసుకుని, పెట్టెలో ఉన్న తెల్ల చొక్కా తొడిగాడు. పైగుండీ ఊడిపోయి ఉంది. కుట్టుకుందామని సూది తీసి, దారం ఎక్కక, అట్టాగే వదిలేశాడు. ఫోను మంచం మీద పెట్టి తలుపు గొళ్లెం వేశాడు.

కల్యాణమండపం గుమ్మంలో మెర్సీ ఎదురైంది. బాక్సుకు లింకు సరిగ్గా పోతోందో లేదో చూడటానికి వచ్చింది. ఆయన చేతులు చూసింది, జేబు చూసింది.

"ఫోను తేలేదా తాతా? అది లేకపోతే నువ్వుండవు."

"ఉండకపోతే పోయె."

"నా మాట విని, ఇప్పుడే ఇంటికి పోయి తెచ్చుకో. ఇంకా టైముంది."

"నన్ను నేనే చూసుకుంటే అది ఉత్తరం ఎట్టా అవుతుంది తల్లీ? రాసుకుని నా జేబులోనే పెట్టుకున్నట్టు. ఈసారి వేసేస్తా. అందితే అందింది. ఇదే ఆఖరు. అందకపోతే ఇంక పెళ్లిళ్లకు రాను, అక్కకూ చూసే పని తప్పుతుంది."

ఎడమవైపు స్తంభం పక్కన, కూలర్లు లేని చోటు చూసుకుని నిలబడ్డాడు. కెమెరాల వైపు జరగలేదు. మొదట్లో చేతులు ఏం చేసుకోవాలో తెలీలేదు. కట్టుకుంటే కోపంగా ఉన్నట్టుంటుంది, వదిలేస్తే దిక్కులేనట్టుంటుంది. చివరికి వెనక్కి పెట్టుకున్నాడు. చుట్టూ నాలుగొందల యాభై వంచిన తలలు. పలకరించేవాళ్లు లేరు. పక్కనున్న మనిషిని "ఏ ఊరయ్యా?" అని అడిగితే ఆ మనిషి తల ఎత్తకుండానే "కనపడుతున్నానా?" అన్నాడు.

ఇంక చేసే పనేమీ లేక చెంచయ్య పెళ్లి చూశాడు.

ఏడాదికి అరవై పెళ్లిళ్లకు పోయిన మనిషి పెళ్లి చూడటం అదే మొదలు. జీలకర్ర బెల్లం పెట్టగానే శిరీషకు తుమ్మొచ్చింది. రెండు చేతులూ ఖాళీ లేక ముక్కు ఎగబీల్చుకుంటుంటే, పెళ్లికొడుకు ఎవరూ చూడటం లేదు గదా అని తన కండువా కొసతో తుడిచాడు. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. సన్నాయి అతను పీకె తీసి నాలుక మీద తడుపుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పురోహితుడు "అందరూ అక్షింతలేయండి" అంటే జనం తలెత్తకుండానే విసిరారు. సగం డోలు మీద పడి టపటపా మోగాయి. తాళి కట్టే ముందు రంగయ్య పరదా వెనక్కి పోయి, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అవి మళ్లీ తడిస్తే మళ్లీ తుడుచుకున్నాడు. ఆ పరదా వెనక ఆ మనిషి ఒక్కడే ఏడుస్తున్నాడని అంత జనంలో చెంచయ్యకు తప్ప ఎవరికీ తెలీదు.

రెండు గంటల నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. భోజనం చేయకుండా గదికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మెర్సీయే మనిషిని పంపించింది. చెంచయ్య మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. రెండుచోట్ల దగ్గు వచ్చిందని ఆగాడు. దగ్గు రాలేదు.

తెర మీద ఆకుపచ్చ చుక్క ఒక్కటే ఉంది. అది మసకలో అటూ ఇటూ తడుముకుంటూ, వరసలన్నీ దాటుకుంటూ, ఎడమవైపు స్తంభం దగ్గరకొచ్చింది. ఆగింది. మసకలోంచి ముందు తెల్ల చొక్కా, తర్వాత ఊడిన గుండీ, తర్వాత చెంచయ్య మొహం. మొహమంతా. వంచని తల.

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు చెంచయ్య. నాలుగు. ఐదు. ఆ తర్వాత లెక్క తప్పాడు.

"ఇంక కదల్లేదు తాతా" అంది మెర్సీ. "రెండు గంటల నలభై నిమిషాలూ ఇక్కడే ఉంది. బళ్లారి ఫోనుకు పెళ్లి పోలేదు. పెళ్లికూతురు పోలేదు, తాళి పోలేదు. నువ్వొక్కడివే పోయావు."

చెంచయ్య చాలాసేపు ఆ చుక్కనే చూశాడు. తర్వాత కంగారుగా లేచాడు. "అయ్యో, మరి పెళ్లి చూడనట్టేనా? ఒకసారి నీ ఫోనిట్టా ఇయ్యి తల్లీ."

అంకెలు ఆయనకు నోటికొచ్చు. పదకొండేళ్లుగా మరిచిపోకుండా రోజూ చెప్పుకునే అంకెలు. అవతల రెండుసార్లు మోగింది.

"ఎవరు?"

"నేనే."

"నేనే అంటే? పేరు లేదా?"

"చెంచయ్యని."

అవతల మంచం కిర్రుమంది.

"చిక్కిపోయావేందిరా?" అంది గురవమ్మ. "ఆ గుండీ కుట్టుకోడానికి కూడా తీరిక లేదా నీకు?"

చెంచయ్య ఫోను చెవికి అదుముకున్నాడు. గోడవైపు తిరిగాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే పదకొండేళ్లూ ఒక్కసారే బయటికొచ్చేటట్టున్నాయి. "అక్కా, నువ్వు పెళ్లి చూళ్లేదంట గదా. నేను దగ్గరుండి చూశా. విను, మొత్తం చెప్తా" అన్నాడు. మొదలుపెట్టాడు. మెర్సీ చప్పుడు చేయకుండా గది బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. లోపల ఆయన సన్నాయి పీకె గురించి చెప్తున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. పొదిలి పూలకుండీ అనుకుంటున్నారేమో. అది నిజం, కావాలంటే సుభానీని అడగండి, దూరంగా నిలబడి అడగండి. కల్పించింది అక్క చూపు ఆయన మీదే ఆగిన ఆ రెండు గంటల నలభై నిమిషాలు. మెర్సీ తెర మీద నిజంగా కనపడింది పంతొమ్మిది సెకన్లు. అన్ని వంచిన తలల మధ్య ఒక తల ఎత్తి ఉందేందని ఆగిందో, తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చే ఆగిందో, అది బాక్సుకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ తర్వాత గురవమ్మ చూపు పీటల మీదికి పోయింది. నగలు చూసింది, తాళి చూసింది, తుమ్ము కూడా చూసింది. ఆ పంతొమ్మిది సెకన్లు చూసే చెంచయ్య ఫోను చేశాడు, వేరే మాట దొరక్క పెళ్లి చెప్పాడు. ఆమె మాత్రం చూశానని చెప్పలేదు. ప్రతి ముక్కకూ ఊఁ కొడుతూ, తుమ్ము దగ్గరికొచ్చేసరికి, "అయ్యో, మరి ముక్కెట్టా తుడుచుకుందిరా?" అని అడిగింది.